నేత మనదే, మరి నమూనా ఎవరిది? – ఉదయగిరి యుద్ధనౌక కథ



2025 ఆగస్టు 26న విశాఖపట్నంలో రెండు యుద్ధనౌకలు ఒకే రోజు మన నౌకాదళంలో చేరాయి. ఒకటి ఉదయగిరి, రెండోది హిమగిరి. ఆ వార్త మన సంఘం గుంపులో పడినప్పటి నుంచి ఒక ప్రశ్న వస్తూనే ఉంది. "ఈ ఉదయగిరి మన నెల్లూరు ఉదయగిరేనా?" అని. ఇంకొందరు "మగ్గాల ఊరికి ఓడల కథ ఎందుకండీ?" అని కూడా అడిగారు. రెండూ అడగాల్సిన ప్రశ్నలే. రెండింటికీ కలిపి జవాబు రాద్దామని కూర్చుంటే ఇంత పొడుగైంది. తీరిగ్గా చదవండి, పిల్లలకు కూడా చదివి వినిపించండి.

ముందు పేరు సంగతి చూద్దాం. ఉదయగిరి అనే పేరు దేశంలో చాలా చోట్ల ఉంది. భువనేశ్వర్ పక్కన గుహలున్నాయి, మధ్యప్రదేశ్‌లో విదిశ దగ్గర ఉన్నాయి, మన తమిళనాడులోనే కన్యాకుమారి జిల్లాలో ఉదయగిరి కోట ఉంది. కానీ నౌకాదళం ఈ ఓడకు ఆంధ్రప్రదేశ్‌లోని కొండల పేరు పెట్టామని చెప్పింది. ఆంధ్రలో ఉదయగిరి కొండ, కోట అంటే మనకు తెలిసినవి నెల్లూరు జిల్లావే. శ్రీకృష్ణదేవరాయలు గజపతుల మీదికి దండెత్తినప్పుడు ఏడాదికి పైగా ముట్టడి వేసి 1514లో గెలిచిన దుర్గం అది. అక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపీకి తీసుకుపోయి గుడి కట్టించాడు. అంత గట్టి కొండ పేరు ఇప్పుడు నీళ్ళ మీద తిరుగుతోంది. హిందీ పలుకుబడిలో 'ఉదయ్‌గిరి' అని రాస్తున్నారు. మనం మాత్రం ఉదయగిరి అనే పిలుద్దాం.

మనకూ సముద్రానికీ ఏం సంబంధం?

1960 ఏప్రిల్ 1 దాకా మన తిరుత్తణి, పళ్ళిపట్టు ప్రాంతం చిత్తూరు జిల్లాలో ఉండేది. పటాస్కర్ తీర్పు ప్రకారం ఆ రోజు మద్రాసు రాష్ట్రంలో చేరాం. మొదట చెంగల్పట్టు జిల్లా, 1997 నుంచి తిరువళ్ళూరు జిల్లా. ఈ జిల్లా పటాన్ని ఒకసారి చూడండి. పడమటి కొసన ఆంధ్ర సరిహద్దు కొండల పక్కన మనం ఉన్నాం. తూర్పు కొసన సముద్రం ఉంది. అక్కడే పళవేర్కాడు, మనవాళ్ళ నోట ప్రళయకావేరి.

1613లో డచ్చివాళ్ళు అక్కడ గెల్డ్రియా అనే కోట కట్టుకున్నారు. వాళ్ళు వచ్చింది ప్రధానంగా బట్టల కోసం. మన తీరంలో నేసిన గుడ్డ తీసుకుపోయి తూర్పు దీవుల్లో మిరియాలకూ లవంగాలకూ మారకం వేసేవాళ్ళు. మన తాతలు కట్టిన పళయకాట్ లుంగీకి ఆ పేరు ఆ రేవు నుంచే వచ్చింది. మలేషియాలో ఈ నాటికీ గళ్ళ లుంగీని 'కైన్ పెలికట్' అంటారు. నేసినవాడు ఒడ్డునే ఉన్నాడు, గుడ్డ మాత్రం సముద్రం దాటింది. ఆ దారి ఎవరిదంటే ఫిరంగులున్న ఓడ ఎవరిదో వాళ్ళది. డచ్చివాళ్ళ కంటే ముందు పోర్చుగీసువాళ్ళు, తరువాత ఇంగ్లీషువాళ్ళు. కావలి ఓడ లేని రేవులో వ్యాపారం ఎవరి చేతికి పోయిందో చరిత్రంతా చూసింది.

ఇంకో సంగతి. గడుసువాణ్ణి "వాడు పెద్ద ఎమ్డన్‌రా" అనడం మన వైపు పెద్దల నోట విని ఉంటారు. 1914 సెప్టెంబరు 22 రాత్రి ఎమ్డెన్ అనే జర్మను యుద్ధనౌక మద్రాసు రేవు ముందుకు వచ్చి నూనె ట్యాంకుల మీద గుండ్లు కురిపించి, చీకట్లోనే మాయమైంది. పట్నం వదిలి జనం లోపలి ఊళ్ళకు పరుగులు తీశారు. ఒక్క ఓడ చేసిన పని అది. ఇప్పుడు చెప్పండి, సముద్రం మనకు దూరమా?

ఫ్రిగేట్ అంటే ఏమిటి?

ఉదయగిరి 'ఫ్రిగేట్' జాతి నౌక. తెరచాపల కాలంలో ఫ్రిగేట్ అంటే పెద్ద యుద్ధనౌకల కంటే చిన్నది, వేగంగా పోయేది. ముందు పోయి శత్రువు జాడ తీయడం, వర్తక ఓడలకు కాపలాగా వెంట నడవడం దాని పని. రెండో ప్రపంచయుద్ధంలో జర్మనీ జలాంతర్గాములు వర్తక ఓడలను వరసపెట్టి ముంచుతుంటే, వాటిని వేటాడే కాపలా ఓడలకు బ్రిటన్ మళ్ళీ ఆ పాత పేరే పెట్టింది. నేడు స్థూలంగా లెక్క ఇది: కార్వెట్ చిన్నది, డెస్ట్రాయర్ పెద్దది, నడుమ ఉండేది ఫ్రిగేట్. నీటి కింద జలాంతర్గామినీ, నీటి మీద ఓడనూ, ఆకాశంలో విమానాన్నీ మూడింటినీ ఎదుర్కోగలగాలి. ఒంటరిగా నెలల తరబడి తిరగగలగాలి.

మన దేశంలో ఫ్రిగేట్లు కట్టడం కొత్తేమీ కాదు. ఇంగ్లాండులోని హార్టిల్‌పూల్ రేవులో 'ట్రింకోమలీ' అనే తెరచాప ఫ్రిగేట్ ఈ రోజుకీ నీళ్ళలోనే ఉంది. దాన్ని 1817లో బొంబాయిలో వాడియాలనే పార్సీ వడ్రంగుల కుటుంబం టేకుతో కట్టింది. రెండు వందల ఏళ్ళు దాటినా చెక్క చెదరలేదు. కానీ ఆ ఓడ కథలో ఒక ముడి ఉంది. దాని నమూనా పటాలు ఇంగ్లాండు నుంచి రావాలి. మొదటిసారి 'జావా' అనే ఓడలో పంపారు. 1812 చివర్లో ఆ ఓడను అమెరికావాళ్ళు బ్రెజిల్ దగ్గర ఓడించి నాశనం చేశారు. పటాలు దానితోపాటే పోయాయి. మళ్ళీ పటాలు గీసి పంపేదాకా బొంబాయిలో పని మొదలు కాలేదు.

ఇక్కడ మన ఊరివాళ్ళు ఒక్క క్షణం ఆగాలి. మగ్గం మనది, చెయ్యి మనది. కానీ డిజైను అట్టలు, నూలు ఇంకొకరివైతే మనకు దక్కేది నేత కూలి మాత్రమే. అట్టలు రాకపోతే మగ్గం ఆగుతుంది. ఆనాటి బొంబాయి వడ్రంగుల స్థితి అదే. పనితనంలో లోపం లేదు, గీత మాత్రం వాళ్ళ చేతిలో లేదు. యుద్ధనౌకల కథంతా ఈ గీత ఎవరిదన్న దాని చుట్టూనే తిరుగుతుంది.

ఖుక్రీ

స్వాతంత్ర్యం వచ్చాక మొదటి ఇరవై ఏళ్ళు మన ఫ్రిగేట్లు బ్రిటన్‌లో కట్టినవే. అందులో ఒకటి ఖుక్రీ. 1971 యుద్ధంలో విశాఖ రేవు బయట పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిపోయిన సంగతి మన అందరికీ తెలుసు. విశాఖ బీచిలో ఆ గెలుపు గుర్తుగా స్తూపం ఉంది. కానీ అది జరిగిన ఐదారు రోజులకే పడమటి తీరంలో ఏం జరిగిందో చాలామంది చెప్పుకోరు.

గుజరాత్ తీరంలో డయ్యూ దగ్గర హంగోర్ అనే పాకిస్తాన్ జలాంతర్గామి తిరుగుతోందని తెలిసి, దాన్ని వేటాడమని ఖుక్రీని, కృపాణ్‌ను పంపారు. నీటి కింద ఉన్నదాన్ని కంటితో చూడలేం. శబ్దంతో వినాలి. అలా వినే పరికరమే సోనార్. మన ఓడల సోనార్ పాతది, దాని వినికిడి కొద్ది దూరమే. హంగోర్ ఫ్రాన్సులో కట్టిన కొత్త జలాంతర్గామి. మనం దాన్ని వినక ముందే అది మనల్ని విన్నది. డిసెంబరు 9 రాత్రి టార్పెడో తగిలి ఖుక్రీ నిమిషాల్లో మునిగిపోయింది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు, మొత్తం 194 మంది పోయారు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా తన మనుషులను బయటికి పంపుతూ తాను ఓడలోనే ఉండిపోయాడు. ఆయనకు మరణానంతరం మహావీర చక్ర ఇచ్చారు.

వాళ్ళ ధైర్యంలో ఏ లోటూ లేదు. చేతిలో ఉన్న పరికరం చాలలేదు. ఇతరులు మనకు అమ్మేది వాళ్ళు వాడి పక్కన పెట్టినదో, ఒక మెట్టు తక్కువదో అయి ఉంటుంది. యుద్ధం నడిమధ్య దాన్ని మార్చుకోవాలంటే, దాని లోపలి గుట్టు మన దగ్గర ఉండదు.

ఈ దెబ్బ తరువాత ఒక యువ నౌకాదళ ఇంజనీరుకు ఆ పాత సోనార్‌ను బాగుచేసే పని అప్పగించారు. ఆయన పేరు ఆరోగ్యస్వామి పాల్‌రాజ్, మన తమిళనాడు మనిషే. దాన్ని మెరుగుపరిచాక, కొచ్చిలోని నౌకాదళ పరిశోధనశాలలో తన బృందంతో కలిసి మొదటి నుంచీ మనదే అయిన సోనార్ తయారు చేశారు. పేరు అప్సో. బెంగుళూరు బెల్ సంస్థ దాన్ని తయారు చేసింది. 1980ల మొదట్లో దాన్ని మొదట బిగించింది ఏ ఓడకో తెలుసా? పాత హిమగిరికి. మొన్న విశాఖలో ఉదయగిరి పక్కన చేరిన కొత్త హిమగిరికి ఆ పేరు అక్కడి నుంచి వచ్చింది. పాల్‌రాజ్ తరువాత అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యారు. మన చేతుల్లోని సెల్‌ఫోన్, వైఫై వేగంగా పనిచేయడానికి కారణమైన మైమో విధానం ఆయన కనిపెట్టినదే.

పాత ఉదయగిరి, మన గోదావరి

అవును, ఇంతకు ముందే ఒక ఉదయగిరి ఉంది. బ్రిటన్‌వాళ్ళ లియాండర్ నమూనా తీసుకుని ముంబయి మజగావ్ డాక్‌లో ఆరు ఫ్రిగేట్లు కట్టారు. మొదటిది నీలగిరి. 1966లో మొదలుపెడితే 1972 జూన్ 3న చేరింది. తరువాత హిమగిరి, ఉదయగిరి, దునగిరి, తారాగిరి, వింధ్యగిరి. అన్నీ కొండల పేర్లే. పాత ఉదయగిరి 1976 ఫిబ్రవరి 18న చేరి 2007 ఆగస్టు 24న సెలవు తీసుకుంది. 31 ఏళ్ళ కొలువు. బాయిలర్లలో నీళ్ళు కాచి ఆవిరితో నడిచే ఓడ, సుమారు 3,000 టన్నులు, 113 మీటర్లు.

నీలగిరి కట్టేటప్పుడు పటాలూ ముఖ్యమైన యంత్రాలూ బ్రిటన్ నుంచి వచ్చాయి. కూలికి నేసిన చీర లాంటిదే. కానీ తెలివైన నేతగాడు కూలి చీర నేస్తూనే అట్టల గుట్టు పట్టుకుంటాడు. మనవాళ్ళు ఒక్కో ఓడకూ దేశంలో చేసిన భాగాలు పెంచుకుంటూ పోయారు. చివరి రెండింటికి వచ్చేసరికి నమూనానే మార్చి, సీ కింగ్ అనే పెద్ద హెలికాప్టర్‌కు చోటు చేశారు.

ఆ తరువాతి అడుగు మన తెలుగువాళ్ళు గర్వంగా గుర్తుపెట్టుకోవాల్సింది. మన నౌకాదళం సొంత ఇంజనీర్లు గీసిన మొదటి ఫ్రిగేట్‌కు గోదావరి అని పేరు పెట్టారు. 1983 డిసెంబరు 10న చేరింది. లియాండర్ ఒడ్డూ పొడుగూ పెంచి, రెండు సీ కింగ్ హెలికాప్టర్లు మోసేలా చేశారు. క్షిపణులు రష్యావి, సోనార్ మనది, ఆవిరి యంత్రం పాత పద్ధతిది. ఒక్కో దేశం పరికరం ఒక్కో భాష మాట్లాడుతుంది. అన్నింటినీ ఒకే ఓడలో కూర్చి పని చేయించడమే పెద్ద విద్య. ఆ విద్య ఏ దేశమూ అమ్మదు. 1988లో మాల్దీవులలో తిరుగుబాటు చేసిన కిరాయి మూకలు బందీలతో ఓడలో పారిపోతుంటే, సముద్రం నడుమ వెంటాడి పట్టుకున్న నౌకల్లో గోదావరి ఒకటి. 2015 డిసెంబరు 23న అది విశ్రాంతి తీసుకుంది.

2010లో శివాలిక్ వచ్చింది. శత్రువు రాడార్‌కు దొరక్కుండా మసిలే మన మొదటి ఫ్రిగేట్ అది. దాని తరువాతి మెట్టే ఇప్పటి నీలగిరి తరగతి. మొత్తం ఏడు ఓడలు. నాలుగు ముంబయి మజగావ్ డాక్‌లో, మూడు కోల్‌కతా గార్డెన్ రీచ్‌లో. ఉదయగిరి ముంబయిలో పుట్టింది, హిమగిరి కోల్‌కతాలో పుట్టింది. రెండు వేరు వేరు కార్ఖానాల పెద్ద నౌకలు ఒకే రోజు చేరడం అదే మొదటిసారి.

కొత్త ఉదయగిరి ఏం చేయగలదు?

పొడవు 149 మీటర్లు. బరువు సుమారు 6,700 టన్నులు, అంటే పాత ఉదయగిరికి రెండింతల పైనే. రెండు వందల మందికి పైగా సిబ్బంది ఉంటారు. వేగం 28 నాట్లు, మన లెక్కలో గంటకు 52 కిలోమీటర్లు. ఊరి నుంచి తిరుత్తణి పోయే బస్సు వేగమే కదా అనిపిస్తుంది. కానీ 6,700 టన్నుల ఇనుమును నీటిని చీల్చుకుంటూ ఆ వేగంతో తోయాలంటే ఎంత బలం కావాలో ఊహించండి.

ఆ బలం రెండు రకాలుగా వస్తుంది. మామూలుగా తిరిగేటప్పుడు డీజిల్ ఇంజన్లు నడుస్తాయి. నూనె తక్కువ తాగుతాయి. తరమాల్సి వచ్చినా, తప్పించుకోవాల్సి వచ్చినా వాటిని విడిచి విమానాల ఇంజను లాంటి గ్యాస్ టర్బైన్లకు మారతారు. నింపాదిగా పోతే ఒక్కసారి నింపిన నూనెతో సుమారు 10,000 కిలోమీటర్లు పోగలదు.

ఇక దాక్కునే విద్య. అంత పెద్ద ఓడ ఎలా దాక్కుంటుంది? రాడార్ కిరణం నిటారు గోడకు తగిలితే నేరుగా వెనక్కి పోయి జాడ చెప్పేస్తుంది. అందుకని ఓడ పక్కలన్నీ ఏటవాలుగా కట్టి, కిరణం వేరే దిక్కుకు జారేలా చేస్తారు. పై భాగంలో గజిబిజి సామాను బయటికి కనబడనివ్వరు. పొగ వేడిని చల్లార్చి వదులుతారు. శబ్దం సంగతి మనకు చెప్పక్కర్లేదు. మరమగ్గాల షెడ్డు పక్కింట్లో కాపురం ఉన్నవాళ్ళకు, టకటక గాలిలోనే కాదు, గోడలోంచీ నేలలోంచీ ఎలా వస్తుందో తెలుసు. ఓడలో యంత్రాల అదురు అలాగే పొట్టలోంచి నీళ్ళలోకి దిగుతుంది. జలాంతర్గామి దాన్నే వింటుంది. అందుకని యంత్రాల కింద అదురు మింగే దిమ్మెలు వేసి బిగిస్తారు. ఖుక్రీ నేర్పిన పాఠం ఇదే: ముందు విన్నవాడే బతుకుతాడు.

ఆయుధాల్లో ముఖ్యమైనవి చెబుతాం. ఎనిమిది బ్రహ్మోస్ క్షిపణులు, శబ్దం కంటే దాదాపు మూడు రెట్ల వేగంతో పోతాయి. ఆకాశం నుంచి వచ్చే విమానాన్నీ క్షిపణినీ కొట్టడానికి 32 క్షిపణులు ఓడ నేలలోనే నిలువుగా అమర్చి ఉంటాయి. ముందు భాగంలో 76 మిల్లీమీటర్ల ఫిరంగి. దగ్గరికి వచ్చినదాన్ని చిల్లులు పొడిచే 30 మిల్లీమీటర్ల తుపాకులు. జలాంతర్గామి కోసం టార్పెడోలు, రాకెట్లు, వెనక హెలికాప్టర్.

ఇందులో మన తెలుగు నేల చెయ్యి చాలా ఉంది. బ్రహ్మోస్ క్షిపణుల కూర్పు హైదరాబాదులో జరుగుతుంది. విమానాలను కొట్టే ఆ మధ్యశ్రేణి క్షిపణిని తయారు చేసే భారత్ డైనమిక్స్ హైదరాబాదుదే. టార్పెడోల పరిశోధనశాల విశాఖలో ఉంది.

మన తిరువళ్ళూరు జిల్లా సంగతేమిటంటారా? ఎన్నూరు పక్కన కాట్టుపళ్ళిలో ఓడలు కట్టే ఎల్ అండ్ టి కార్ఖానా ఉంది. అక్కడ కట్టిన అర్నాలా అనే నౌక 2025 జూన్ 18న విశాఖలోనే నౌకాదళంలో చేరింది. 77 మీటర్ల చిన్న ఓడ. ముఖ్యమైన పని ఒడ్డు దగ్గరి లోతు తక్కువ నీళ్ళలో జలాంతర్గాములను వేటాడడం. పళవేర్కాడులో ఒకప్పుడు పరదేశి ఓడలు లంగరు వేసిన జిల్లా, ఈ నాడు తీరానికి కావలి ఓడ కట్టి పంపుతోంది. ఈ మాట మన జిల్లాలోనే ఎంతమందికి తెలుసు?

లెక్క నిజాయితీగా చూద్దాం

ఉదయగిరి నౌకాదళపు సొంత నమూనా కార్యాలయం గీసిన 100వ నౌక. నూరు ఓడలు! 1812లో మునిగిన పటాల కోసం ఎదురు చూసిన దేశం ఇది. ఉదయగిరిలో 75 శాతం దేశీయమని, 200కు పైగా చిన్న, మధ్యతరగతి పరిశ్రమలు ఈ ఓడల పనిలో ఉన్నాయని ప్రభుత్వం చెబుతోంది.

సంతోషించాలి. కానీ మిగిలిన పాతిక శాతం ఏమిటో కూడా చూడాలి. గ్యాస్ టర్బైన్ అమెరికా నమూనా, ఇక్కడ హెచ్ఏఎల్ కూర్చింది. పెద్ద రాడార్ ఇజ్రాయెల్ నమూనా. ఫిరంగి ఇటలీ నమూనా, హరిద్వార్ బీహెచ్ఈఎల్‌లో తయారవుతుంది. బ్రహ్మోస్ రష్యాతో కలిసి, విమాన విధ్వంసక క్షిపణి ఇజ్రాయెల్‌తో కలిసి చేసుకున్నవి. ఓడకు కండ మనది, మెదడులో చాలా భాగం మనది. గుండె ఇంకా పూర్తిగా మనది కాలేదు. ఓడను నడిపించే టర్బైన్ గీత మన చేతికి రానంత కాలం, ఏదో ఒక రోజు ఎవరో ఒకరు అట్టలు ఆపగలరు. పొగడ్తల హోరులో ఈ మాట మరుగున పడకూడదని మేము రాస్తున్నాం.

అందుకే మన పిల్లలకు ఒక మాట. ఓడ అనగానే తెల్ల యూనిఫాం, సెల్యూట్ మాత్రమే కళ్ళ ముందు మెదులుతాయి. అది గొప్ప దారే. కానీ ఇంకో దారి ఉంది, ఓడను గీసేవాళ్ళ దారి. దాన్ని నావల్ ఆర్కిటెక్చర్ అంటారు. ఆ చదువు మనకు దగ్గర్లోనే, చెన్నై ఐఐటిలో ఉంది. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనూ, భారత సముద్ర విశ్వవిద్యాలయంలోనూ ఉంది. కొచ్చి కుసాట్‌లో ఉంది. ప్లస్ టూలో లెక్కలు, ఫిజిక్స్ బాగా చదివే పిల్లలు మన వీధుల్లో ఎందరో ఉన్నారు. డాక్టరు, కంప్యూటరు తప్ప మూడో పేరు వాళ్ళకు చెప్పేవాళ్ళే లేరు. పడుగు లెక్క, పేక లెక్క చిన్నప్పటి నుంచి చూసిన పిల్లలు వాళ్ళు. ఒక చిన్న గీత తప్పితే గజాల కొద్దీ గుడ్డ పాడవుతుందని వాళ్ళకు ఎవరూ కొత్తగా నేర్పక్కర్లేదు.

మీ ఇంట్లోనో, మీ వీధిలోనో అలాంటి పిల్లలుంటే మన సంఘంలో చెప్పండి. ప్రవేశ పరీక్షలు ఏవి, దరఖాస్తు ఎలా పెట్టాలి అన్న వివరాలు తెలుసుకుని మేము చెబుతాం. ఎన్నూరో, కాట్టుపళ్ళియో ఆ వైపు పనుల్లో ఉన్న మనవాళ్ళెవరైనా ఉంటే వాళ్ళూ ముందుకు వచ్చి పిల్లలతో మాట్లాడితే ఇంకా మంచిది.

జై హింద్.